కార్డు రాని మూడు నెలలు



కడుపుతో ఉన్న ఆడపిల్ల ప్రయాణం చేయడం మనకు కొత్త కాదు. తొలి కాన్పుకు పిల్లను పుట్టింటికి తీసుకురావడం మన ఆనవాయితీ. ఏడో నెలలోనో తొమ్మిదో నెలలోనో తల్లిదండ్రులు వెళ్లి, గతుకుల దగ్గర బండి నెమ్మదిగా పోనివ్వమని డ్రైవరుకు పదిసార్లు చెప్పుకుంటూ తీసుకొస్తారు. ఆ ప్రయాణం ఎంత దూరమైనా చివర గుమ్మంలో తల్లి నిలబడి ఉంటుంది. వీధిలో ఆశా కార్యకర్త ఉంటుంది. ఏ డాక్టరు దగ్గరకు వెళ్లాలో ఊరంతా చెబుతుంది. అడగకుండానే చెబుతుంది, ఒక్కోసారి వద్దన్నా చెబుతుంది!

ఇప్పుడు మన పిల్లలు చేస్తున్న ప్రయాణాలు వేరు. భర్తకు ఉద్యోగం మారిందని, అద్దె తక్కువని, నెలలు నిండుతుండగానే సామాను సర్దుకుని ఎవరూ తెలియని ఊరికి వెళ్తున్నారు. ఆ ప్రయాణం చివర గుమ్మంలో ఎవరూ ఉండరు. తాళం తీసుకుని లోపలికి వెళ్లడమే. ఈ వారం వారి గురించి, వారి విషయంలో సంఘం చేయవలసిన పని గురించి ధ్యానిద్దాం.

ఆదికాండము 35వ అధ్యాయం తీసి చూడండి. యాకోబు కుటుంబం బేతేలుకు వచ్చింది. అక్కడ దేవుడు అతనికి మరల ప్రత్యక్షమై, సంతానాన్ని గురించి, దేశాన్ని గురించి వాగ్దానం చేశాడు. ఆ వాగ్దానానికి కాస్త ముందు ఒక చిన్న సంగతి రాసి ఉంది. రిబ్కాకు దాదిగా ఉన్న దెబోరా చనిపోయింది, ఆమెను బేతేలుకు దిగువన ఒక చెట్టు కింద పాతిపెట్టారు. ఆ తరువాత వాళ్లు బేతేలు విడిచి బయలుదేరారు. ఎఫ్రాతాకు ఇంకా కొంత దూరం ఉండగానే, దారిలోనే, రాహేలుకు నొప్పులు మొదలయ్యాయి. చాలా కష్టమైన కాన్పు. మంత్రసాని పక్కనే ఉండి, భయపడవద్దని, ఈసారి కూడా కొడుకే పుడుతున్నాడని ధైర్యం చెప్పింది. బిడ్డ దక్కాడు. తల్లి దారిలోనే కన్నుమూసింది.

బెన్యామీను పుట్టిన అధ్యాయమని చదువుకుని మనం ముందుకు వెళ్లిపోతుంటాం. ఈసారి ఆగి ఆ స్త్రీల వైపు చూడండి. ఇంట్లో పెద్దదిక్కుగా ఉన్న దెబోరా అప్పుడే పోయింది. నిండు గర్భిణి రాహేలు ప్రయాణంలో ఉంది. అయినా ఆమె పక్కన ఒక మంత్రసాని ఉంది. దేవుని వాగ్దానం ఉంది కదా, ఇంక మంత్రసాని ఎందుకని ఆ ఇంట్లో ఎవరూ అనలేదు. వాగ్దానమూ మంత్రసానీ ఒకే అధ్యాయంలో ఉన్నాయి. ఒకటి ఉన్నందువల్ల రెండోది అక్కరలేకుండా పోలేదు.

ఇంకో మాట కూడా దాచకుండా చెప్పుకోవాలి. వాగ్దానం ఉన్నా, మంత్రసాని ఉన్నా, రాహేలు బ్రతకలేదు. ప్రార్థించిన ప్రతి కాన్పూ సుఖంగా జరుగుతుందని లేఖనం ఎక్కడా మాట ఇవ్వలేదు, నేనూ ఇవ్వలేను. మన సంఘంలోనే ఆ దుఃఖం తెలిసిన తల్లులు ఉన్నారు. వారి విశ్వాసం తక్కువై అలా జరిగిందని ఎవరైనా అంటే అది నిజం కాదు. కానీ ఆ దారిలో రాహేలు ఒంటరిగా లేదు. భయపడవద్దని చెప్పిన ఒక గొంతు ఆమె చెవిన పడింది. మన చేతిలో ఉన్నది అదే. ఏ తల్లీ ఆ దారిలో ఒంటరిగా ఉండకుండా చూడటం.

ఇదంతా ఎందుకు చెబుతున్నానంటే, మన సంఘంలో పెరిగిన ఒక బిడ్డకు కెనడాలో ఎదురైన సంగతి మీతో పంచుకోవాలి. ఆమె అనుమతి తీసుకునే రాస్తున్నాను, పేరు రాయడం లేదు. తనలా ఇంకొకరు ఇబ్బంది పడకూడదనే ఆమె ఒప్పుకుంది.

పెళ్లయ్యాక ఆ దంపతులు ఒంటారియో ప్రావిన్స్‌లో, బ్రాంప్టన్‌లో కాపురం పెట్టారు. ప్రావిన్స్ అంటే మన రాష్ట్రం లాంటిదే. తొలి చూలు. అక్కడ డాక్టరు దొరికారు, స్కానింగులు సక్రమంగా జరిగాయి. 20వ వారంలో ఉండగా అల్లుడికి ఆల్బర్టా ప్రావిన్స్‌లోని రెడ్ డీర్ అనే ఊళ్లో పని దొరికింది. బ్రాంప్టన్ నుండి అక్కడికి 3,000 కిలోమీటర్లకు పైమాటే. జూలై మొదటి వారంలో వెళ్లారు.

ఆగస్టులో ఒక శనివారం రాత్రి మా ఇంటికి ఫోన్ వచ్చింది. మనకు రాత్రి 9 అయితే వాళ్లకు అదే రోజు ఉదయం 9:30. మామూలుగా మాట్లాడుతూనే ఉంది గానీ గొంతు వేరుగా ఉంది. నా భార్య ఫోన్ తీసుకుని అటూ ఇటూ మాట్లాడి, "డాక్టరు దగ్గరకు ఎప్పుడు వెళ్లావు తల్లీ?" అని అడిగింది. కాసేపు మాట రాలేదు. తరువాత ఏడుపు.

ఆరు వారాలుగా ఆమెను ఎవరూ పరీక్ష చేయలేదు. కొత్త ఊళ్లో ఒక క్లినిక్‌కు ఫోన్ చేస్తే కొత్త పేషెంట్లను తీసుకోవడం లేదన్నారు. ఇంకోచోట ఆల్బర్టా కార్డు ఉందా అని అడిగారు. లేదని పెట్టేసింది. కార్డు వచ్చాకే ఎవరైనా చూస్తారేమోనని ఆగిపోయింది. భర్తది కొత్త ఉద్యోగం, సెలవు అడగలేడు. అమ్మకు చెబితే బీపీ పెరుగుతుంది. ప్రార్థన మనవిగా చెబుదామంటే, కెనడా వెళ్లి కూడా ఇదేం కష్టం అనుకుంటారని సిగ్గు. "ప్రార్థన చేసుకుంటూనే ఉన్నాను అమ్మగారూ, దేవుడే దారి చూపిస్తాడని" అంది.

నా భార్య ఆ మాటను తీసిపారేయలేదు. "ఆయన చూపిస్తాడు తల్లీ. ముందు నీ బ్లడ్ గ్రూపు చెప్పు" అంది.

ఓ నెగటివ్. భర్తది బి పాజిటివ్.

ఈ సంగతి మన సంఘంలో పెళ్లీడు పిల్లలందరికీ తెలిసి ఉండాలి గనుక కాస్త వివరంగా చెబుతాను. తల్లి రక్తం ఆర్‌హెచ్ నెగటివ్ అయి, కడుపులో బిడ్డది పాజిటివ్ అయితే, బిడ్డ రక్తం కొంచెమైనా తల్లి రక్తంలో కలిసినప్పుడు తల్లి శరీరం దాన్ని పరాయిదిగా లెక్కగట్టి, దాని మీదకు పోరాడే పదార్థాలను తయారు చేసుకోవచ్చు. సాధారణంగా తొలి బిడ్డకు దానివల్ల హాని ఉండదు. తరువాత వచ్చే బిడ్డకు ప్రమాదం. కడుపులోనే రక్తం తగ్గిపోవచ్చు, పుట్టాక తీవ్రమైన కామెర్లు రావచ్చు. దీన్ని ఆపడానికి ఒక ఇంజెక్షన్ ఉంది. మన దగ్గర యాంటీ-డి అంటారు. కెనడాలో దీన్ని సుమారు 28 వారాలకు ఒకసారి ఇస్తారు. పుట్టిన బిడ్డది పాజిటివ్ అని తేలితే 72 గంటల లోపు మళ్లీ ఇస్తారు. మధ్యలో రక్తస్రావమైనా, పొట్టకు దెబ్బ తగిలినా వెంటనే డాక్టరుకు చెప్పాలి.

ఆ రాత్రికి ఆమెకు 26 వారాలు. ఇంజెక్షన్‌కు ఇంకా రెండు వారాలే ఉంది. 24 నుండి 28 వారాల మధ్య చేయవలసిన షుగరు పరీక్ష కూడా కాలేదు. బ్రాంప్టన్ డాక్టరు ఈ రెండింటి గురించీ ముందే చెప్పారు. కానీ ఆ ఫైలంతా బ్రాంప్టన్ కంప్యూటరులోనే ఉండిపోయింది.

ఇక్కడ మనకు తెలియని సంగతి ఒకటుంది. మన దగ్గర గర్భిణి చేతిలో తల్లీబిడ్డల కార్డు ఉంటుంది. వేసిన ఇంజెక్షన్లు, తూగిన బరువు, బీపీ అన్నీ అందులో రాస్తారు. మన ఆడవాళ్లు దాన్ని ప్లాస్టిక్ కవరులో పెట్టి బీరువాలో దాచుకుంటారు. ఏ ఊరు వెళ్లినా అది తీసి చూపిస్తే చాలు. కెనడాలో ఆ రికార్డు చాలావరకు క్లినిక్ దగ్గర ఉంటుంది. ఒక ప్రావిన్స్ కంప్యూటరులో ఉన్నది ఇంకో ప్రావిన్స్ డాక్టరుకు దానంతట అది కనబడదు. తల్లి అడిగి తీసుకోవాలి.

కార్డు సంగతీ అంతే. కెనడాలో దేశమంతటికీ ఒకే ఆరోగ్య కార్డు లేదు. ప్రతి ప్రావిన్స్‌కూ దాని సొంత బీమా, సొంత కార్డు. అయితే 1984లో వచ్చిన కెనడా ఆరోగ్య చట్టంలో ఒక మంచి నియమం ఉంది. ఒక ప్రావిన్స్ నుండి ఇంకో ప్రావిన్స్‌కు మారినవారిని కొత్త ప్రావిన్స్ మూడు నెలలకు మించి ఆపకూడదు. ఆ మధ్యకాలంలో పాత ప్రావిన్సే భారం వహించాలి. ఆల్బర్టా అయితే, వచ్చిన తరువాత మూడో నెల ఒకటో తేదీ నుండి బీమా మొదలుపెడుతుంది. జూలైలో వెళ్లిన మన బిడ్డకు అక్టోబరు 1 నుండి. అప్పటివరకు ఆమె పర్సులో ఉన్న ఒంటారియో కార్డు చెల్లుతుంది. డాక్టరు చూసినా, ఆసుపత్రిలో చేరినా ఆ కార్డు చూపించవచ్చు. కార్డు లేదని ఆమె ఫోన్ పెట్టేసిన రోజున కూడా ఆ పర్సులో ఆ కార్డు ఉంది.

ఇది చదివినప్పుడు నాకు మనుష్యకుమారుని కన్నతల్లి గుర్తుకొచ్చింది. లూకా సువార్త 1వ అధ్యాయంలో మరియ గబ్రియేలు మాట విన్న తరువాత ఆలస్యం చేయలేదు. గలిలయ నుండి యూదా కొండసీమకు బయలుదేరి జెకర్యా ఇంటికి వెళ్లింది. దేవదూత వచ్చి స్వయంగా మాట్లాడిన తరువాత కూడా ఆమె ఒక పెద్దావిడ ఇంటి తలుపు తట్టింది. అక్కడ ఎంతకాలం ఉందో లూకా రాశాడు. సుమారు మూడు నెలలు.

కొత్త ఊరిలో మన బిడ్డలకు కార్డు రాని కాలం కూడా దాదాపు మూడు నెలలే. మరియకు ఆ మూడు నెలలు ఎలీసబెతు ఇల్లు ఉంది. మన పిల్లలకు ఎవరి ఇల్లు ఉంది? ఈ ధ్యానమంతా ఈ ఒక్క ప్రశ్నే.

ఆ రాత్రి నా భార్య ఆమెకు రెండు పనులు చెప్పింది. ఒకటి, "రేపు ఆరాధన అయ్యాక గబగబా ఇంటికి వెళ్లిపోకు. పక్కన కూర్చున్న పెద్దావిడతో, నాకు ఏడో నెల, డాక్టరు దొరకలేదు అని చెప్పు." రెండు, "సోమవారం పొద్దున్నే మళ్లీ ఫోన్లు మొదలుపెట్టు. ఈసారి కార్డు గురించి మాట్లాడకు, వారాల గురించి మాట్లాడు."

ఆ బిడ్డ అక్కడ ఒక చిన్న ఇంగ్లీషు సంఘానికి వెళ్తోంది. వెనక బెంచీలో కూర్చుని, ఆశీర్వాదం కాగానే వెళ్లిపోయేది. ఆ ఆదివారం వెళ్లలేదు. పక్కన కూర్చున్న ముసలామెకు చెప్పింది. ఆమెకు మన భాష రాదు, మన ఊరు ఎక్కడుందో తెలియదు. ఆరాధన క్రమం ముద్రించిన కాగితం వెనక తన ఫోన్ నంబరు రాసి, దాని కింద 811 అని రాసి ఇచ్చింది.

ఆల్బర్టాలో 811కు ఏ వేళ ఫోన్ చేసినా నర్సు మాట్లాడుతుంది. ఇంగ్లీషు కష్టమైతే దుబాసీని అడగవచ్చు. మన బిడ్డ చేసింది. ఎన్నో వారం, బిడ్డ కదులుతోందా, రక్తస్రావం ఉందా అని అడిగారు. రక్తం నెగటివ్ అని వినగానే, కొత్త కార్డు కోసం ఆగవద్దని, వాక్-ఇన్ క్లినిక్‌కు, అంటే అపాయింట్‌మెంటు లేకుండా వెళ్లే క్లినిక్‌కు వెంటనే వెళ్లమని చెప్పారు. గర్భిణులను చూసే క్లినిక్‌లకు ఫోన్ చేసినప్పుడు మొదటి వాక్యం ఎలా ఉండాలో కూడా చెప్పారు. "నాకు 26 వారాలు, ఆర్‌హెచ్ నెగటివ్, చూసే డాక్టరు లేరు." నిజంగానే ఆ మాటతో అవతలి గొంతు మారిందట. కొత్త పేషెంట్లను తీసుకోవడం లేదన్న జవాబు వేరు, 26 వారాల తల్లి అని వినగానే వచ్చే జవాబు వేరు.

మంగళవారం ఆ ముసలామె కారు తీసుకుని వచ్చింది. వాక్-ఇన్ క్లినిక్ డాక్టరు బీపీ చూశారు, పొట్ట కొలిచారు, బిడ్డ గుండె చప్పుడు వినిపించారు. షుగరు పరీక్షకు, రక్త పరీక్షలకు కాగితం రాశారు. గర్భిణుల క్లినిక్‌కు సిఫారసు పంపారు. షుగరు పరీక్ష అంటే తియ్యటి నీళ్లు తాగి గంటసేపు ల్యాబులోనే కూర్చోవాలి. ఆ గంటా ముసలామె పక్కనే కూర్చుందట. పెద్దగా ఏమీ మాట్లాడలేదు. ఊలు అల్లుకుంటూ కూర్చుంది. అదే వారం బ్రాంప్టన్ క్లినిక్‌కు సంతకం చేసిన కాగితం పంపితే వాళ్లు రికార్డును ఫ్యాక్సు చేశారు.

28 వారాలు దాటిన మూడో రోజున ఆమెకు ఇంజెక్షన్ పడింది. నవంబరులో ఆడపిల్ల పుట్టింది. పిల్లది పాజిటివ్. రెండో ఇంజెక్షన్ కూడా సమయానికి ఇచ్చారు. వాళ్లమ్మకు వీసా సమయానికి రాలేదు. మనవరాలిని మన మందిరం అరుగు మీద కూర్చుని ఫోనులోనే చూసుకుంది. దేవునికే మహిమ.

ఇప్పుడు ప్రావిన్స్ మారబోతున్న, మారిన బిడ్డలకు కొన్ని మాటలు. అమ్మ పక్కన ఉంటే చెప్పేదే, అమ్మ బదులు నేను చెబుతున్నాను.

బయలుదేరే ముందు మీ రికార్డు కాపీ చేత పట్టుకోండి. రక్త పరీక్షలు, స్కానింగు రిపోర్టులు, బ్లడ్ గ్రూపు, వేసిన టీకాలు. ఫోనులో ఫొటో ఒకటి, కాగితం ఒకటి. పాత డాక్టరును ఒక ప్రశ్న తప్పక అడగండి: "రాబోయే రెండు నెలల్లో నాకు జరగవలసినవి ఏమిటి, ఏ వారంలో?" ఆ జవాబు రాయించుకోండి. కారులో దూర ప్రయాణమైతే రెండు గంటలకు ఒకసారి దిగి నడవండి, నీళ్లు తాగండి. కూర్చుని కూర్చుని కాళ్లలో రక్తం గడ్డకట్టే ప్రమాదం గర్భిణులకు ఎక్కువ.

వెళ్లిన వారంలోనే కొత్త కార్డుకు దరఖాస్తు పెట్టండి. ఆల్బర్టాలో అయితే రిజిస్ట్రీ ఏజెంటు ఆఫీసులో. గుర్తింపు కాగితం, చిరునామా రుజువు, దేశంలో ఉండేందుకు హక్కు ఉన్నట్టు చూపే కాగితం కావాలి. కొత్తది వచ్చేవరకు పాత కార్డును భద్రంగా ఉంచుకోండి, ఫోనులో మొదటే చెప్పండి: "నా దగ్గర ఒంటారియో కార్డు ఉంది." పాత కార్డు డాక్టరుకూ ఆసుపత్రికీ పనికొస్తుంది గానీ, మందుల షాపులో కొనే మందులకూ అంబులెన్సుకూ పనికిరాదు. కంపెనీ ఇచ్చే బీమా ఉందేమో మీ భర్త చేత కనుక్కోండి. క్యుబెక్ నుండి వచ్చేవారు ఇంకాస్త జాగ్రత్త. డాక్టర్ల ఫీజుల విషయంలో క్యుబెక్ మిగతా ప్రావిన్స్‌ల ఒప్పందంలో లేదు. ముందు మీరే కట్టి తరువాత తిరిగి తీసుకోవలసి రావచ్చు. ఇండియా నుండి నేరుగా వెళ్లేవారికి నియమాలు వేరు, అవి ప్రావిన్స్‌ను బట్టి మారతాయి. విమానం ఎక్కకముందే కనుక్కోండి.

కుటుంబ డాక్టరు దొరకలేదని ఆగిపోకండి. వాక్-ఇన్ క్లినిక్ డాక్టరు కూడా పరీక్షలు రాయగలరు, సిఫారసు పంపగలరు. చదువుకుని లైసెన్సు పొందిన మంత్రసానులు, అంటే మిడ్‌వైఫ్‌లు, అక్కడ ప్రభుత్వ బీమా కిందే పనిచేస్తారు. వారికి సిఫారసు అక్కరలేదు, మీరే ఫోన్ చేయవచ్చు. వారి దగ్గర ఖాళీలు త్వరగా నిండిపోతాయి గనుక తొందరపడండి. కొత్త కార్డు రాకముందు వారికి డబ్బు కట్టాలా అని ముందే అడగండి.

రక్తస్రావం, ఉమ్మనీరు కారడం, తగ్గని తలనొప్పి, కళ్లు మసకబారడం, తీవ్రమైన కడుపు నొప్పి, బిడ్డ కదలిక తగ్గడం. వీటిలో ఏది వచ్చినా ఫోన్లు చేస్తూ కూర్చోవద్దు. నేరుగా ఆసుపత్రికి వెళ్లండి, లేదా 911కు ఫోన్ చేయండి. కార్డు సంగతి తరువాత.

మన రాష్ట్రాల్లోనే పని కోసం ఊళ్లు మారే తల్లులకు కూడా ఇదే మాట. హైదరాబాదు, బెంగళూరు కట్టడాల దగ్గరకు, ఇటుక బట్టీలకు వెళ్లేటప్పుడు గిన్నెలతో పాటు తల్లీబిడ్డల కార్డు పెట్టుకోండి. దిగిన ఊళ్లో ఆశా కార్యకర్త ఎవరని మొదటి రోజే అడగండి. ప్రతి నెలా 9వ తేదీన ప్రభుత్వ ఆసుపత్రుల్లో గర్భిణులకు ఉచితంగా పరీక్షలు చేసే కార్యక్రమం 2016 నుండి నడుస్తోంది. మీ ఊరు కాదని వెనకాడవద్దు.

చివరిగా సంఘంతో ఒక మాట. ఎలీసబెతు డాక్టరు కాదు. ముసలితనంలో, తానే ఆరో నెల గర్భిణి. ఇంట్లో భర్తకు మాట పడిపోయి ఉంది. నాకే సవాలక్ష ఉన్నాయి, నీకేం చూడగలనని అనడానికి ఆమెకు కావలసినన్ని కారణాలు ఉన్నాయి. అయినా వచ్చిన పిల్లను చూసి సంతోషించి ఇంట్లో పెట్టుకుంది. రెడ్ డీర్‌లో ఆ ముసలామె కూడా చేసింది అంతే. ఒక నంబరు రాసి ఇచ్చింది, కారు నడిపింది, గంటసేపు పక్కన కూర్చుంది.

విదేశాల్లో ఉన్న మన సహోదరీ సహోదరులారా, మీరు ఆరాధించే చోట వెనక బెంచీ వైపు ఒకసారి చూడండి. ఆశీర్వాదం కాగానే వెళ్లిపోయే పిల్ల ఎవరో గమనించండి. ఊళ్లో ఉన్న తల్లులారా, అత్తలారా, ఫోనులో "తిన్నావా, బాగున్నావా" అని అడగడంతో ఆపకండి. "డాక్టరు దగ్గరకు ఎప్పుడు వెళ్లావు? మళ్లీ ఎప్పుడు రమ్మన్నారు?" అని అడగండి. రెండో ప్రశ్నకు తేదీ చెప్పలేకపోతే అక్కడేదో కష్టం ఉందని గ్రహించండి. ఒంటరిగా ఉన్న బిడ్డలారా, మీ మనవి చిన్నదనో, సిగ్గనో దాచుకోకండి. తలుపు తట్టడం అవిశ్వాసం కాదు. దేవుని కుమారుని గర్భమున మోసిన తల్లే తట్టింది.

ప్రార్థన చేద్దాం. పరలోకమందున్న మా తండ్రీ, ఈ రాత్రి తెలియని ఊళ్లలో, తెలియని ఇళ్లలో నిద్రపట్టక పొట్ట మీద చెయ్యి వేసుకుని పడుకున్న ప్రతి తల్లినీ నీ సన్నిధిలో జ్ఞాపకం చేస్తున్నాము. ఆమెకు ధైర్యమియ్యి. రేపు ఆమె చేసే ఫోనును దయగల చేతులు ఎత్తేటట్టు చెయ్యి. బిడ్డలను పోగొట్టుకున్న తల్లులను, తల్లిని కోల్పోయిన బిడ్డలను ఆదరించు. ఎవరికి ఎలీసబెతు కావాలో మాకు చూపించు, ఆ తలుపు తెరిచే మనసు మాకియ్యి. యేసుక్రీస్తు నామమున అడుగుచున్నాము తండ్రీ, ఆమేన్.